రివాల్వరు పెట్టె

ప్రాచీన వస్తువులయెడ ఆదరము మన విద్యావంతుల గృహములలో నానాట పెరుగుచున్నది. తాతలనాటి తాళపత్రములను, ఇత్తడి దీపపు సెమ్మెలను, పాత నాణెములను పదిలపరచుట మంచి అలవాటే. కాని వస్తువును చూచి ముచ్చటపడుట వేరు, దాని చరిత్రను విచారించుట వేరు. ఆయుధముల విషయమున ఈ భేదమును ముఖ్యముగ గుర్తింపవలెను. కత్తిపిడిమీది నగిషీని మెచ్చుకొనువారు పెక్కుమంది. ఆ కత్తి యెవరి చేతిలో నుండెను, యెవరిపై లేచెను అని అడుగువారు కొలదిమంది. విక్టోరియారాణి కాలమున ఆంగ్ల సైనికోద్యోగులు తమ సొంత ధనముతో కొని, చక్కని కొయ్యపెట్టెలో నమర్చుకొని ఈ దేశమునకు తెచ్చిన రివాల్వరును గూర్చి యిచ్చట కొంత విచారింతము. అట్టి యొక ఆయుధము మన హైదరాబాదు పొలిమేరలోనే 1858వ సంవత్సరమున ఒక యువరాజన్యుని ప్రాణమును గొన్నది. ఆ వృత్తాంతము మన యిండ్లలో పిల్లలను పెంచువారికిని, పరుల సంరక్షణభారమును వహించువారికిని తెలియదగినది.

నేడు సంగారెడ్డి జిల్లా, అమీన్‌పురము మండలములోని పటేల్‌గూడ గ్రామమున నిలిచి చూచినచో నలువైపుల క్రొత్తమేడలును, పటాన్‌చెరువు కర్మాగారముల పొగగొట్టములును కానవచ్చును. దానికి దక్షిణముగ పోవు రాజమార్గము పటాన్‌చెరువు, సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగ హుమ్నాబాదును, నలదుర్గమును దాటి షోలాపురము చేరును. ఈ దిక్కుననే యెద్దుమైలారమున 1984లో నెలకొల్పబడిన ప్రభుత్వ ఆయుధకర్మాగారమున సైన్యమునకు ఉక్కుబండ్లు తయారగుచున్నవి. నూటడెబ్బది యేండ్లకు పూర్వము ఈ సీమలో ఇట్టి కర్మాగారములు లేవు. హైదరాబాదునకు పడమట బ్రిటిషువారికి వశమైన నలదుర్గపు జిల్లా యుండెను. నగరమునకు ఉత్తరమున సికింద్రాబాదు, బొల్లారము దండు లుండెను. నిజామురాజ్యపు పల్లెలలో నాటుతుపాకులును, అరబ్బుల జంబియాలును, బోయల బల్లెములును కానవచ్చుచుండగా, దండులలోని దొరల నడుములకు మాత్రము లండనునుండి వచ్చిన రివాల్వర్లు వ్రేలాడుచుండెను.

ఆ ఆయుధపు పుట్టుక యెట్టిదో తెలిసికొందము. ఒకసారి మందు కూరిన ఒకేసారి ప్రేలునట్టి పిస్తోలు చిరకాలమునుండి కలదు. అమెరికాకు చెందిన శామ్యూలు కోల్టు అనునాతడు 1835లో ఇంగ్లండునందును, 1836లో తన దేశమునందును హక్కుపత్రమును పొంది, గుండుగదులు గల చక్రమును గొట్టము వెనుక అమర్చి, వరుసగ పలుమార్లు కాల్చుటకు వీలైన పిస్తోలును ప్రచారమునకు తెచ్చెను. 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమునందు దానిని జనులు వింతగ చూచిరి. అదే సంవత్సరమున రాబర్టు ఆడమ్సు అను ఆంగ్లేయుడు తన సొంత రివాల్వరునకు హక్కుపత్రమును పొందెను. కోల్టువారి ఆయుధమున సుత్తిని ప్రతిసారి బొటనవ్రేలితో వెనుకకు లాగి, పిదప మీటను నొక్కవలెను. ఆడమ్సువారి దానిలో మీటను గట్టిగ లాగిన చాలును. చక్రము తిరుగుట, సుత్తి లేచుట, గుండు ప్రేలుట యన్నియు ఒక్క వ్రేలి పనియే. 1856లో బోమాంటు అను ఇంజనీరు దళపు లెఫ్టినెంటు ఈ రెండు పద్ధతులను ఒకే ఆయుధమున జేర్చెను. సైన్యాధికారులు దానిని అంగీకరించిరి.

ఆ ఆయుధమున సాధారణముగ అయిదు గుండ్లు పట్టును. దాని పరిమాణమును ఆ కాలమువారు విచిత్రముగ లెక్కించెడివారు. ఒక పౌను సీసముతో ఏబదినాలుగు సమానమైన గుండ్లు పోసినచో, అందలి ఒక గుండు పట్టునట్టి గొట్టమును "54 బోరు" అనిరి. అది అంగుళములో రమారమి 0.44 భాగము. ప్రతి గదిలోను మందు పోసి, సీసపుగుండును దిగగొట్టి, వెనుకనున్న చనుమొనకు చిన్న రాగిటోపీని తొడుగవలెను. సుత్తి ఆ టోపీమీద పడగానే నిప్పు పుట్టి మందు అంటుకొనును. ఇట్లు ఒకసారి నింపిన పిస్తోలును మరల ఖాళీ చేయుట సులభము కాదు. గుండును బయటికి లాగుటకంటె గాలిలోనికి కాల్చివేయుటయే సుకరము. కావున ప్రయాణములలోను, కావలిపనులలోను దానిని నింపియే యుంచుకొనుట దొరలకు అలవాటైనది. ఈ సంగతి మన కథకు మిక్కిలి ముఖ్యమైనది.

ఇక పెట్టె సంగతి. సైన్యమున సామాన్య భటునికి తుపాకి ప్రభుత్వము ఇచ్చెడిది గాని, ఉద్యోగి తన కత్తిని, పిస్తోలును తానే కొనుక్కొనవలెను. లండనులోని దుకాణదారులు అట్టివారికి ఓకు కొయ్యతోనో, మహాగని కొయ్యతోనో చేసిన పెట్టెలను అమ్మిరి. లోపల పచ్చని బనాతు అంటించియుండును. ఆంగ్లపద్ధతి పెట్టెలలో తిన్నని పలకలతో చిన్నచిన్న అరలు కట్టెడివారు. ఫ్రెంచిపద్ధతి పెట్టెలలో ప్రతి పనిముట్టు ఆకారమునకు సరిపోవునట్లు గుంటలు తొలిచెడివారు. రివాల్వరుతోపాటు మందుకుప్పె, గుండ్ల అచ్చు, టోపీల డబ్బి, నూనెసీసా, గొట్టమును తుడుచు గజము, మరలు విప్పు పనిముట్టు తమ తమ తావులలో నుండును. మూతకు లోపల దుకాణము పేరు అచ్చువేసిన కాగితమును, వెలుపల నడుమ ఇత్తడి బిళ్లయు ఉండును. ఆ బిళ్లమీద కొన్నవాని పేరును, ఒక్కొక్కప్పుడు అతని దళము పేరును చెక్కెడివారు. తాళమును, తాళముచెవియు తప్పక యుండును. నేడు పాతవస్తువుల సేకర్తలు అన్నిటికన్న ఆ బిళ్లనే మొదట వెదకుదురు; పేరుగల పెట్టెకు వెల హెచ్చు. పేరుగలవాడు ఏ యుద్ధమున నుండెనో, ఏ పతకమును పొందెనో తెలిసినచో వెల మరింత హెచ్చు. ఆ పిస్తోలుచేత పడినవాని పేరు మాత్రము ఏ బిళ్లమీదను ఉండదు. దానిని చరిత్రకారుడే పూరింపవలెను.

అట్లు పూరింపదగిన కథకు రంగము 1857, 1858 సంవత్సరములనాటి హైదరాబాదు. ఉత్తరదేశమున సిపాయిలు లేచిరను వార్త వచ్చినప్పటినుండి నగరమున కలవరము పుట్టెను. 1857 జులై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను అనువారి నాయకత్వమున రోహిల్లాలును, నగరవాసులును కోఠీలోని రెసిడెన్సీపై బడిరి. నేడు మహిళా విశ్వవిద్యాలయమున మన యాడపిల్లలు చదువుకొనుచున్న ఆ ఆవరణమునందే నాడు ఫిరంగులు మ్రోగినవి. దాడి విఫలమైనది. తుర్రేబాజ్ ఖాను పట్టువడి, చెర తప్పించుకొని, 1859 జనవరిలో మెదకు సీమలోని తూప్రాను దగ్గర చంపబడెను. అల్లాఉద్దీనును అండమానులకు పంపిరి. ఆనాటి రెసిడెంటు కర్నలు కత్‌బర్టు డేవిడ్‌సను. నిజాము దివాను మొదటి సాలార్‌జంగు. వీరిరువురును నగరమును అదుపులో నుంచుటకు కృషి చేయుచుండగా, దక్షిణమున కృష్ణా భీమా నదుల నడుమ సురపురమను చిన్న సంస్థానమున మరియొక మంట రేగినది.

సురపురమును ఆంగ్లేయులు షోరాపూరనిరి. అది యిప్పుడు కర్ణాటకములోని యాదగిరి జిల్లాలో చేరియున్నది. దాని పాలకులు బేడరులు. వీరినే మనవారు బోయలందురు. వేటకును, పోరునకును పేరువడిన జాతి. 1842లో రాజా కృష్ణప్ప నాయకుడు మరణింపగా, కుమారుడు వెంకటప్ప నాయకుడు పసివాడు. తల్లి ఈశ్వరమ్మ. సంస్థానము అప్పులలోను, దాయాదుల కలహములలోను మునిగియుండెను. అప్పుడు ఆ రాజ్యమును చక్కబరచుటకు నియుక్తుడైన సైనికోద్యోగి ఫిలిప్పు మెడోసు టైలరు.

ఈ టైలరు సామాన్యుడు కాడు. 1808లో లివర్‌పూలున జన్మించి, పదునైదేండ్ల ప్రాయమున 1824లో బొంబాయికి వచ్చి, ఆ యేటనే నిజాము సైన్యమున ఉద్యోగమును పొందెను. కంపెనీ సైన్యపు ఉద్యోగి కాకపోవుటచే అతనికి దక్కవలసిన పదవులు కొన్ని దక్కలేదు. అయినను ఈ దేశభాషలను నేర్చి, ప్రజలతో కలసి మెలసి తిరిగి, 1839లో ప్రచురించిన ఒక థగ్గు కథాగ్రంథముచేత ఇంగ్లండున గొప్ప కీర్తి పొందెను. హైదరాబాదు వర్తకుడైన విలియము పామరు కుమార్తెను వివాహమాడెను. సురపురపు కొండమీద తనకై కట్టించుకొన్న యిల్లు నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది. ఆ సీమలోని రాక్షసిగూళ్లను త్రవ్వించి, పురాతన మానవుల సమాధులను గూర్చి వ్యాసములు వ్రాసెను. అప్పులు తీర్చెను, పన్నుల వసూలును క్రమపరచెను, దారులు నిర్భయము చేసెను. బాలరాజు అతనిని "అప్పా" యని పిలిచెడివాడు; కన్నడమున ఆ మాటకు తండ్రి యని యర్థము. అట్టి చనువు వారి నడుమ నుండెను.

1853లో వెంకటప్ప నాయకునకు రాజ్యమును అప్పగించి టైలరు వెడలిపోయెను. ఆ యేటనే జరిగిన సంధివలన బీరారు, రాయచూరు అంతర్వేది, నలదుర్గము జిల్లాలు బ్రిటిషువారి పాలనలోనికి వచ్చినవి. నలదుర్గమును పాలించుటకు టైలరు నియుక్తుడయ్యెను. అతడు విడిచిన సురపురమున నాలుగేండ్లలో ఖజానా ఖాళీ యయ్యెను, అప్పులు పెరిగెను, చెడుస్నేహములు చేరెను. ఇందులకు కారణము నెవరిపై మోపవలెను? టైలరు తన స్వీయచరిత్రలో రాణి బాలుని చదువునకు అడ్డుపడెనని వాపోయెను. రాణి పక్షమును వ్రాసిన గ్రంథము లేదు. ఆమెయు కలము పట్టియుండినచో, పరదేశీయుడు తన కుమారుని తననుండి వేరుచేయునను తల్లి భయము మనకు తెలిసియుండెడిది. ఒకటి మాత్రము నిజము. పదునొకండేండ్లు ఆ రాజ్యమున సకలకార్యములను టైలరే నిర్వహించెను. పన్నుల లెక్క అతడు చూచెను, తగవులు అతడు తీర్చెను, తిరుగబడినవారిని అతడు అణచెను. పాలింపవలసిన బాలుడు ఇవన్నియు దూరమునుండి చూచెను గాని, చేయి పెట్టి నేర్చుకొనలేదు. ఒకనాటి యుదయమున పాలనభారము మొత్తము అతని తలపై బడెను. ఈత నేర్పనివానిని ఏటి నడుమ దింపి యొడ్డున నిలిచినట్లయినది.

1857 చివర వెంకటప్ప నాయకునికడకు తిరుగుబాటుదారుల దూతలు వచ్చుచున్నారను అనుమానము రెసిడెంటునకు కలిగెను. కాప్టెను రోజు కాంబెలును సురపురమునకు పంపెను. దండులను ఆ చుట్టుప్రక్కల నిలిపెను. 1858 ఫిబ్రవరి 7వ తేదీ రాత్రి బేడరులు కాప్టెను విండామును, అతని దళమును చుట్టుముట్టిరి. మరునాడు సహాయసైన్యము వచ్చెను. ఆ పోరున కాప్టెను న్యూబెర్రీ కూలెను; లెఫ్టినెంటు స్టూవర్టు గాయములచే మరణించెను. బేడరులలో కూలినవారి పేర్లు ఎవరును వ్రాయలేదు. కోట నిలువదని తెలిసి రాజు కొలదిమంది రౌతులతో రాత్రికి రాత్రి హైదరాబాదునకు పరుగెత్తెను. అచ్చట ఆశ్రయము దొరకలేదు. సాలార్‌జంగు మనుష్యులు అతనిని పట్టుకొని రెసిడెంటునకు అప్పగించిరి.

సికింద్రాబాదు చెరలో టైలరు అతనిని చూడబోయెను. తాను పెంచిన పిల్లవాడు సంకెలలో నుండుట చూచి అతడు చలించిన తీరు అతని గ్రంథమున కానవచ్చును. రాజు ప్రాణభిక్ష వేడుటకు సమ్మతింపలేదనియు, దొంగవలె ఉరిదీయక ఫిరంగికి కట్టి పేల్చుడని మాత్రము కోరెననియు టైలరు వ్రాసెను. సైనిక న్యాయస్థానము మరణదండన విధించెను. రెసిడెంటు దానిని యావజ్జీవ ప్రవాసముగ మార్చెను. గవర్నరు జనరలు కానింగు దానిని మరింత తగ్గించి, మద్రాసు దగ్గరి యొక కోటలో నాలుగేండ్ల నిర్బంధముగ జేసెను. నడవడి మంచిదైనచో పిదప రాజ్యము మరల దక్కవచ్చునను ఆశయు చూపబడెను. ఆ కాలమున, ఆ నేరమునకు, ఇది మిక్కిలి తేలికయైన శిక్ష. ఇరువదినాలుగేండ్లవాడు ఇరువది యెనిమిదవ యేట ఇల్లు చేరగలడు.

మద్రాసు దిక్కుగ ప్రయాణము సాగెను. మొదటి మజిలీ అంబరుపేట. నేడది హైదరాబాదు నగరములో నొక పేట. కావలిదళమునకు నాయకుడైన ఆంగ్లోద్యోగి తన నడికట్టును విప్పి డేరాలోని కుర్చీవెనుక తగిలించి, యేదో పనిమీద వెలుపలికి పోయెను. ఆ నడికట్టున నింపిన రివాల్వరున్నది. క్షణములో ప్రేలుడు వినవచ్చెను. పరుగెత్తి వచ్చి చూడగా రాజు నేలపై పడియుండెను. గుండు కడుపున దూరి వెన్నెముకను చీల్చెను. టైలరు చెప్పిన వృత్తాంతమిది.

సురపుర సీమలో ఈ మాటను నమ్మనివారును కలరు. రాజు కాల్చుకొనలేదు, కాల్చబడెనని వారి వాదము. డేరాలో అతడు తప్ప వేరొక సాక్షి లేడు. కాపలావాని మాటయే మిగిలినది. ఖైదీ కాపలాలో మరణించిన ప్రతిచోటను ఇట్టి సందేహము పుట్టుట సహజము, న్యాయము కూడను. చంపదలచినవారు శిక్షను రెండుమారులు తగ్గించుట యేల యని ఒకరు అడుగవచ్చును. శిక్ష తగ్గిన పిదప బ్రదుకదలచినవాడు తనంత తాను చచ్చుట యేల యని మరియొకరు అడుగవచ్చును. ఆయుధము చేతికి తగిలి తానే ప్రేలెననుటయు అసంభవము కాదు. మూడు ప్రశ్నలలో దేనిని స్వీకరించినను ఒక్కటి మారదు: ఖైదీని కాపాడవలసినవాని రివాల్వరు ఖైదీకి అందుబాటున నుండెను. పెట్టె యుండెను, తాళ ముండెను, నడుమునకు కట్టుకొనుటకు నడికట్టుండెను. వీనిలో ఏ యొక్కటి దాని పని అది చేసినను ఆ యువకుడు ఆనాడు చావడు.

ఈ మరణమునకు జాతకమును కారణముగ చెప్పిన కథ యొకటి కలదు. వెంకటప్ప నాయకుడు పుట్టినప్పుడు శాస్త్రులు జాతకము వ్రాసి, ఇరువదినాలుగవ యేట గండమున్నదని తల్లికి చెప్పిరట. ఆమె ఈ రహస్యమును టైలరునకును తెలిపెను. శిక్ష తగ్గినప్పుడు టైలరు ఆ శాస్త్రితో జాతకము తప్పెనుగదా యనెననియు, శాస్త్రి గండమింకను తీరలేదని బదులు చెప్పెననియు, అంతలో మరణవార్త వచ్చెననియు అతని గ్రంథము చెప్పుచున్నది. ఇట్టి కథలు మన యిండ్లలో ఎంత వేగముగ వ్యాపించునో చెప్పనక్కరలేదు. "చూచితిరా, వ్రాత తప్పదు" అని తాతమ్మలు తల యూపుదురు.

నిదానించి యోచింతము. నక్షత్రములు రివాల్వరును నింపలేదు, నడికట్టును కుర్చీకి తగిలింపలేదు. పుట్టిన ప్రతి బిడ్డకును ఏదో యొక యేట గండము వ్రాయుట మన జ్యోతిష్కులకు వాడుక. ఆ యేడు సుఖముగ గడచిన లక్షల జాతకములను ఎవరును కథలుగ చెప్పరు. సరిపోయిన ఒక్కదానిని మూడు తరములు చెప్పుకొందురు. అంతకంటె పెద్ద హాని మరియొకటి కలదు. నా బిడ్డ ఇరువదినాలుగేండ్లకు మించి బ్రదుకడని నమ్మిన తల్లి ఆ బిడ్డను శిక్షించునా? చదువుమని నిర్బంధించునా? ఉన్నన్నినాళ్లు సుఖపడనిమ్మని కోరినది కాదనకుండ ఇచ్చునుగదా! ఈశ్వరమ్మ హృదయమున ఏమున్నదో మనము చూడలేదు. కాని ఇట్టి నమ్మకము ఏ తల్లి చేతనైన ఏమి చేయించునో మన ఇరుగుపొరుగున చూచుచునే యున్నాము. పిల్లవాని జాతకమును నమ్మి చదువు మాన్పించినవారును, ఆడపిల్ల జాతకమును నమ్మి ఆమె పెండ్లిని చెరిచినవారును నేటికిని లేకపోలేదు. జాతకము చెప్పినది జరుగుట కాదు. జరుగునని నమ్మి మనమే దానికి దారి చేయుట కలదు.

టైలరు పక్షముననైనను అంతయు నిర్దోషము కాదు. అతని దయను నేను శంకింపను. ఈ దేశమునకు వచ్చిన దొరలలో మన ప్రజలను మనుష్యులుగ చూచినవారి పట్టికలో అతని పేరు ముందు వ్రాయవచ్చును. కాని దయ వేరు, స్వాతంత్ర్యము నిచ్చుట వేరు. ఒకరి మేలును తానే నిర్ణయించి, తానే సాధించి, ఆ మేలులో వారి చేయి లేకుండ చేయు దయ బాలునికి బలమీయదు, జాతికిని బలమీయదు. ఆంగ్లప్రభుత్వము సంస్థానములయెడ నడపిన నీతి యంతయు ఇట్టిదే. రాజును సింహాసనమున కూర్చుండబెట్టుదురు. సైన్యమును తమ చేత నుంచుకొందురు. వాడు తప్పటడుగు వేసినప్పుడు చూచితిరా వీనికి చేతకాదందురు. టైలరు ఆ యంత్రమున మెత్తని చక్రమేకాని, యంత్రము అతనిది కాదు.

రాజు మరణించిన పిదప ఫలమెవరికి దక్కెను? 1860 డిసెంబరునాటి సంధిచే బ్రిటిషువారు నిజామునకు నలదుర్గమును, రాయచూరు అంతర్వేదిని తిరిగి యిచ్చి, ఏబదిలక్షల రూపాయల అప్పును కొట్టివేసి, సురపురమును కూడ బహుమానముగ నిచ్చిరి. తరతరములుగ నిలిచిన ఒక సంస్థానము ఒక్క సంతకముతో అంతరించెను. ఆ యేటనే టైలరు ఉద్యోగమును విడిచి స్వదేశమునకు పోయెను. 1876లో ఫ్రాన్సుదేశపు మాంటోను పట్టణమున మరణించెను. అతని స్వీయచరిత్ర మరుసటి యేట వెలువడెను. అతడు సురపురపు వృత్తాంతమును దాచక వ్రాయుటచేతనే నేడు మనము ఈ విచారణ చేయగలుగుచున్నాము. ఆ మేలును కాదనరాదు.

ఆయుధములును మారిపోయినవి. మందు, గుండు, టోపీ వేరువేరుగ నింపు రివాల్వర్లు పది పదునైదేండ్లలో వెనుకబడినవి. ఇత్తడి తూటాలు వచ్చినవి. 1887లో వెబ్లీవారి రివాల్వరును ఆంగ్లసైన్యము స్వీకరించెను. పనికిరానివైన పాత పిస్తోళ్లు తమ బనాతు పెట్టెలలో నిదురబోయి, మనుమల చేతులలో అలంకారవస్తువులైనవి. నేడు వానిని వేలము వేయు దుకాణములు ప్రపంచమంతట కలవు. మనదేశమున 1972నాటి చట్టముచే నూరేండ్లు మించిన వస్తువు పురావస్తువుగ గణింపబడి, దానిని దేశము దాటించుట నిషేధింపబడినది. ఇట్టి ఆయుధము పాత దేవిడీలలోనో, తాతగారి పెట్టెలోనో బయటపడినచో చదువరులు రెండు సంగతులు మరువరాదు. మొదటిది, దానిలో నూరేండ్లనాటి మందు ఇంకను నిండియుండవచ్చును. చేతికి తీసికొని మీటను లాగి చూడరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు. రెండవది, దానిని గుట్టుగ దాచుకొనక అధికారులకు తెలియజేయవలెను.

మూడవ సంగతియు నొకటి చెప్పుదును. ఇది వస్తుప్రదర్శనశాలల వారికి సంబంధించినది. ఆయుధముక్రింద వ్రాయు చీటిలో చేసినవాని పేరు, సంవత్సరము, కొన్న దొర పేరు వ్రాయుట వాడుక. తెలిసినంతవరకు, అది యెవరిపై ప్రయోగింపబడెనో వారి పేరును వ్రాయవలెను. పాఠశాలనుండి వచ్చిన బాలిక ఆ చీటిని చదివి, ఇది మెరయుచున్నదని మాత్రము కాక, దీనివలన ఒక తల్లి కుమారుని కోల్పోయెనని కూడ తెలిసికొనును. అంబరుపేటలో వెంకటప్ప నాయకుని పేర ఒక రాతిపలకను నాటినను తగినదే. ప్రతిదినము వేలకొలది జనులు ఆ పేటమీదుగ పోవుచున్నారు. ఆ మట్టిపై ఏమి జరిగెనో తెలిసినవారు బహుకొద్దిమంది.

సంరక్షణమనునది గొప్ప అధికారము. తల్లికి బిడ్డపై, గురువునకు శిష్యునిపై, ప్రభుత్వమునకు ఖైదీపై అది కలదు. ఆ అధికారమును వహించినవారు తమ చేతిలోని ప్రమాదకరమైన వస్తువును భద్రపరచుటయు, తమ చేతిక్రింది ప్రాణికి స్వయముగ నిలుచు శక్తిని నేర్పుటయు రెండును చేయవలెను. అంబరుపేట డేరాలో మొదటిది జరుగలేదు. సురపురపు కొండమీద రెండవది జరుగలేదు. ఆ రెంటినడుమ ఇరువదినాలుగేండ్ల జీవితము ముగిసెను. మన యిండ్లలో తాళముచెవులు నడుమున దోపుకొని తిరుగు గృహిణులకును, జీతము తెచ్చి ఇల్లు నడుపు గృహస్థులకును ఈ చరిత్రము ఒక్క ప్రశ్నను మిగిల్చుచున్నది: మన పిల్లలకు వారి పద్దును వారే వ్రాసికొనుటకు, వారి తగవును వారే తీర్చుకొనుటకు, వారి తప్పును వారే దిద్దుకొనుటకు ఈ వారమున మనము ఎన్నిమారులు అవకాశమిచ్చితిమి?